గింజల్లేని ద్రాక్షకి సూదేస్తారా? అపోహలు – వాస్తవాలు

మార్చిలో సెలవు మీద విశాఖ వస్తే పూర్ణామార్కెట్ దగ్గర ద్రాక్ష బండి కనబడగానే ఆగిపోతాను. గుత్తి ఎత్తి కాడ చూస్తాను. పచ్చగా ఉంటే కోసి ఎన్నో రోజులు కాలేదని లెక్క. మొన్న బండి కుర్రాడు నవ్వేశాడు. "ఏటి సార్, మందు చూస్తన్నారా? గింజల్రాకుండా సూదేస్తారంట గదా!" నేను మహారాష్ట్రలో కొత్త ద్రాక్ష రకాలు తయారుచేసే పనిలో ఉన్నాను. ఈ మాట మా పిన్ని కూడా అంటుంది.

అపోహ: మందు పెట్టి గింజలు పోగొడతారు.

బండి మీది గింజల్లేని రకం, థాంప్సన్ సీడ్‌లెస్‌లో పువ్వుకి పుప్పొడి అందుతుంది, గింజ కట్టడం మొదలవుతుంది, కొన్ని వారాలకి లోపలి పిండం ఎదగడం ఆగిపోతుంది. పండు కోసి చూడండి, మధ్యలో మెత్తటి నలుసు కనిపిస్తుంది. ఆగిపోయిన గింజ అదే. పుట్టుకతో వచ్చిన గుణం. తోటల్లో జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే పెరుగుదల హార్మోను కొట్టడం నిజమే, కానీ అది గుత్తి సాగడానికి, కాయ లావెక్కడానికి. జపాన్‌లో డెలావేర్ అనే గింజల రకానికి అదే మందుతో గింజలు రాకుండా చేస్తారు కాబట్టి ఈ అపోహ ఊరికే పుట్టలేదు. మన బండి మీది థాంప్సన్‌కి మాత్రం ఆ అవసరమే లేదు.

కాయ మీద తెల్ల పొడి కూడా చాలావరకు కాయ తనే తయారుచేసుకునే మైనం. అయినా కడుక్కునే తినండి.

గింజే లేకపోతే కొత్త రకం ఎలా పుడుతుంది? వెనకటికి తల్లిగా గింజలున్న రకమే కావాల్సి వచ్చేది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి ఆర్కావతి అలాంటిదే: తల్లి బ్లాక్ చంపా, తండ్రి థాంప్సన్. ఇబ్బందేమిటంటే, అలా పుట్టిన పిల్లల్లో చాలావాటికి మళ్లీ గింజలే. 1980ల్లో అమెరికాలో దారి దొరికింది. రెండూ గింజల్లేని రకాలనే కలిపి, ఆరేడు వారాల పచ్చికాయ కోసి, చచ్చిపోబోయే పిండాన్ని ట్యూబులో పెంచడం. దానికి ముందు పని పువ్వు దగ్గర. సొంత పుప్పొడి అంటకుండా, ఆవగింజంత మొగ్గ విచ్చకముందే పట్టకారుతో ఆకుపచ్చ టోపీనీ, ఐదు కేసరాలనీ లాగేయాలి. గుత్తికి వందల మొగ్గలు. చెయ్యి వణికితే అండాశయం నలిగిపోతుంది. ఇంత చేశాక ట్యూబుల్లో బూజు పడితే ఆ రోజు అన్నం సహించదు.

అపోహ: తెగులు తట్టుకునే రకమైతే మందే కొట్టక్కర్లేదు.

ఎంవీపీ కాలనీలో మా అక్క వాళ్ల మేడ మీద బావ పందిరి వేశాడు. అక్టోబరు వానలకి ఆకుల మీద నూనె మరకలు, తిప్పి చూస్తే తెల్ల బూజు. తీరప్రాంతపు తేమకి ఇది మామూలే. "తెగులు రాని మొక్క ఒకటి తెచ్చిపెట్టరా" అంటాడు.

అలాంటి గుణం ఎక్కువగా అమెరికా అడవి ద్రాక్షల్లో ఉంది. తెచ్చుకుంటే దాంతోపాటు ఘాటు వాసన, మందపు తోలు కూడా వస్తాయి. వాటిలో మస్కడైన్ అనే జాతి అయితే మరీ మొండిది: దానికి 40 క్రోమోజోములు, మన ద్రాక్షకి 38. కలిపినా పుట్టిన మొక్కలు చాలావరకు గొడ్డుబోతాయి. అందుకే మంచి పండు రకంతో తరం తర్వాత తరం మళ్లీ మళ్లీ కలపాలి. ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ పరీక్ష చేసి చాలా మొక్కల్ని చిన్నప్పుడే పీకేస్తాం. మిగిలినవాటికి మాత్రం కాయ కాసేదాకా ఆగాల్సిందే. ఒక రకం బయటికొచ్చేసరికి పది, పదిహేనేళ్లు.

అప్పుడైనా నిశ్చింత లేదు. హంగరీ రకం బియాంకా నిరోధకతని దాటేసే బూజు యూరప్‌లో బయటపడింది. అందుకే ఇప్పుడు ఒక్క జన్యువుని నమ్మకుండా రెండు మూడు కలిపి పెడుతున్నారు. పైగా బూజుని ఆపే జన్యువు, పక్షికన్ను అనే ఇంకో ద్రాక్ష తెగులుని ఆపాలని లేదు. మందు తగ్గుతుంది, అంతే.

అపోహ: కాటన్ క్యాండీ ద్రాక్ష జన్యుమార్పిడి పంట.

కాదు. కాలిఫోర్నియాలో మామూలు సంకరంతోనే పుట్టింది. ఆ పీచుమిఠాయి రుచి ఎవరూ కలపలేదు.

అపోహ: గింజ నాటితే అదే పండు.

ద్రాక్ష గింజ తల్లిని పోలదు, ప్రతి మొలకా కొత్త రకమే. అందుకే తోటల్లో కొమ్మలు నాటడమో అంటు కట్టడమో చేస్తారు. బావ మాత్రం రెడ్ గ్లోబ్ పండు తిని గింజ కుండీలో పెట్టాడు, మూడో ఏడు నడుస్తోంది. కాయలు చిన్నగా, పుల్లగా వచ్చినా ఆశ్చర్యపోకు అన్నాను. "మీ అక్కకి చెప్పకు, రోజూ నీళ్లు పోసేది తనే" అన్నాడు.