తెర మారినా ఫైళ్లు మీవే

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ అడిగిన ప్రశ్నకి అప్పటికప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "పెద్దమ్మా, గ్నోమ్ మంచిదా, కేడీఈ మంచిదా? తప్పుది వేసుకుంటే లాప్‌టాప్‌లోవన్నీ పోతాయా?" అన్నారు కదా. విండోస్‌కి బదులు వాడుకునే లినక్స్‌లో మనకి కనిపించే తెరని సర్దిపెట్టే రెండు రకాల డెస్క్‌టాప్‌లు అవి. రెండో ప్రశ్నలో ఉన్న భయం నాకు బాగా తెలుసు. అందుకే ముందు దాని సంగతి రాస్తాను.

నేను లినక్స్‌కి మారిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి పాస్‌వర్డ్ కొట్టాను. తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ అదే లాగిన్ తెర వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెప్పాలి కదా, అదీ చెప్పదు. నాలుగేళ్ల ఫొటోలు, సగం చేసిన ఒక అనువాదం అన్నీ అందులోనే ఉన్నాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

తెలిసిన ఒకాయనకి ఫోన్ చేస్తే, "కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి" అన్నారు. నొక్కాను. బొమ్మలు లేవు, మౌస్ బాణం లేదు. నల్లటి తెర మీద పేరు అడుగుతూ ఒక్క ముక్క ఉంది. పేరూ పాస్‌వర్డూ కొట్టాను. అక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు, ఎప్పుడైనా మీకు ఆ అవసరం వస్తే కంగారు పడకండి. ఎల్, ఎస్ అని రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నా ఫోల్డర్లన్నీ వరసగా వచ్చాయి. ఒక్కటీ పోలేదు! తెలుగులో పేర్లు పెట్టుకున్నవి మాత్రం డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి. తర్వాత ఆయన చెప్పినట్టే డీఎఫ్ అనే కమాండ్ కొడితే అసలు సంగతి బయటపడింది. డిస్క్ 100 శాతం నిండిపోయింది. నేను తయారుచేసి మర్చిపోయిన వీడియోలు చోటంతా తినేశాయి. డెస్క్‌టాప్ మొదలయ్యేటప్పుడు తన అవసరానికి కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి. రాసుకోడానికి చోటు లేక గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోందన్నమాట. రెండు వీడియోలు తీసేసి రీస్టార్ట్ చేశాను. ఎప్పటిలాగే వచ్చింది.

అప్పటిదాకా నేను ఆ రంగుల తెరనే కంప్యూటర్ అనుకున్నాను. అది కంప్యూటర్ మీద నడిచే కొన్ని ప్రోగ్రాముల గుంపు మాత్రమే. అడుగున ఉన్నది లినక్స్ కెర్నల్. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో చదువుకుంటూ మొదలుపెట్టాడు. డిస్కు, మెమరీ, కీబోర్డు చూసుకోవడం దాని పని, విండో అంటే ఏమిటో దానికి తెలియదు. తెర మీద ఎవరి బొమ్మ ఎక్కడ పడాలో చూసే భాగం వేరే ఉంటుంది. చాలాకాలం ఆ పని ఎక్స్11 చేసింది, అది 1987 నాటిది. ఇప్పుడు దాని చోటులోకి 2008లో మొదలైన వేలాండ్ వస్తోంది. ఆ పైన విండోలకు అంచులు పెట్టి జరపనిచ్చే విండో మేనేజర్, గడియారమూ మెనూ ఉండే ప్యానెల్, ఫైల్ మేనేజర్, సెట్టింగులు. ఈ పైవన్నీ ఒకదానికొకటి పొసిగేలా ఒక కట్టగా ఇస్తే దాన్ని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. గ్నోమ్ అలాంటి ఒక కట్ట, కేడీఈ ఇంకో కట్ట. కట్ట మార్చినంత మాత్రాన మీ హోమ్ ఫోల్డర్‌లోని ఫొటోలూ పాఠాలూ ఎక్కడికీ పోవు.

అలాగని డెస్క్‌టాప్‌ని ఉత్త పైమెరుగు అనుకోకండి. నా తెలుగు పేర్లు డబ్బాలైపోయాయన్నాను కదా. ఆ నల్లతెర దగ్గర తెలుగు అక్షరాల రూపాలు లేవు. ఉన్నా, అది ఒక్కో గుర్తుని తీసుకెళ్లి ఒక్కో గడిలో పెట్టుకుంటూ పోతుంది, అంతకుమించి దానికి చేతకాదు. మన "స్త్రీ" తీసుకోండి. కంప్యూటర్ లోపల అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడి దీర్ఘం. ఇందులో ఏది ఒత్తుగా మారాలి, ఏది కిందికి దిగాలి, గుడి ఎక్కడ ఎక్కాలి అని ఎవరో ఒకరు తేల్చాలి. ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్, చేస్తుంది. గ్నోమ్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. వాటిలో మీరు చదివే తెలుగు మాటలు దాని చేతుల మీదుగా వస్తాయి. ఇంత పెద్ద పని చేసేదాని పేరు చాలామందికి తెలియదని నాకు బాధగా ఉంటుంది.

మరి ఇన్ని డెస్క్‌టాప్‌లు ఎందుకంటే, 1996లో జర్మనీలో మథియాస్ ఎట్రిక్ అనే విద్యార్థికి ఒక విసుగు వచ్చింది. అప్పటి ప్రోగ్రాములు దేని తీరు దానిదే. ఒకదాని మెనూ ఇంకోదానిలా ఉండదు, బటన్లు ఒక్కలా ఉండవు. అన్నీ ఒకే పద్ధతిలో, కొత్తవాళ్లకి కూడా అర్థమయ్యేలా ఉండాలని కేడీఈ మొదలుపెట్టాడు. అయితే దానికి పునాదిగా ఎంచుకున్న క్యూటీ, అంటే బటన్లూ మెనూలూ తయారుచేసే పనిముట్టు, అప్పటికి పూర్తి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (కోడ్‌ని ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగలిగేది) కాదు. పునాదే మనది కాకపోతే ఎలా అని 1997లో మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్ మొదలుపెట్టారు. దీనికి పునాది జీటీకే, బొమ్మలు దిద్దే గింప్ కోసం తయారైన పనిముట్టు. చివరికి 2000లో క్యూటీ కూడా జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్‌తో వచ్చింది. ఆ రెండు జట్ల పోరు వల్ల శ్రమ వృథా అయిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. గ్నోమ్ వాళ్లు పట్టుబట్టకపోతే క్యూటీ అంత త్వరగా మనకి దక్కేది కాదని నా నమ్మకం.

2011లో ఇంకో కథ జరిగింది. గ్నోమ్ 3 వచ్చి పాత మెనూల్ని, కింది ప్యానెల్‌ని తీసేసింది. నాకూ కోపం వచ్చింది, నెలరోజులు నా చెయ్యి లేని మెనూ కోసం వెతికేది. అది నచ్చనివాళ్లు పాత గ్నోమ్ 2 కోడ్ తీసుకుని మాటే పేరుతో కొనసాగించారు. లినక్స్ మింట్ అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవాళ్లు సినమన్ అనే డెస్క్‌టాప్ తయారుచేశారు. కోడ్ అందరి చేతుల్లో ఉంది కాబట్టి ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది. నేను మాత్రం అలవాటు చేసుకుని గ్నోమ్‌లోనే ఉండిపోయాను, ఇప్పుడు అదే హాయిగా ఉంది.

ఒక డెస్క్‌టాప్ కోసం చేసిన అప్లికేషన్ ఇంకో డెస్క్‌టాప్‌లో నడుస్తుందా అని చిన్నది అడిగింది. నిక్షేపంగా నడుస్తుంది. కేడీఈ వాళ్ల క్రిటా, బొమ్మలు గీసేది, గ్నోమ్‌లో నేను రోజూ వాడుతున్నాను. మెనూలో దాని పేరు ఎలా వచ్చిందో చూడాలంటే, అప్లికేషన్ల ఫోల్డర్‌లో దాని పేరుతో ఉన్న చిన్న ఫైల్‌ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. పేరుకి ఒక వరస, నడపాల్సిన ప్రోగ్రాంకి ఒకటి, బొమ్మకి ఒకటి, అంతే. 2000లో మొదలైన ఫ్రీడెస్క్‌టాప్ అనే వేదిక మీద ఇలాంటి పద్ధతులు కుదుర్చుకున్నారు కాబట్టి అన్ని డెస్క్‌టాప్‌లూ అదే ఫైల్‌ని చదువుకుంటాయి. పేరు వరస కింద ఎన్నో భాషల పేర్లు ఉంటాయి. చాలా ఫైళ్లలో మన తెలుగు కూడా కనిపిస్తుంది. ఎవరో కూర్చుని ఓపిగ్గా రాసినదే అది.

రోజువారీ పనులకి ఏం కావాలో మీకు తెలుసు: బ్రౌజర్‌కి ఫైర్‌ఫాక్స్, వీడియోలకి వీఎల్‌సీ, రాతకోతలకి లిబ్రేఆఫీస్. ఒక ఇబ్బంది ముందే చెబుతాను. స్కూల్ నుంచి వచ్చిన డాక్స్ (వర్డ్) ఫైల్ లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే అప్పుడప్పుడు పేజీలు అటూ ఇటూ జరుగుతాయి. అందులో వాడిన ఫాంట్ మీ దగ్గర లేకపోవడమే చాలాసార్లు కారణం. మీరు ఎవరికైనా చదవడానికి మాత్రమే పంపుతుంటే పీడీఎఫ్ చేసి పంపండి. మీ సొంత రాతలు మాత్రం లిబ్రేఆఫీస్ మామూలుగా వాడే ఓడీటీ అనే ఫైల్ రకంలో దాచుకోండి. 2006 నుంచి అది అంతర్జాతీయ ప్రమాణం, ఒక్క కంపెనీ సొత్తు కాదు.

ఇక ఏది వేసుకోవాలన్నది. ముందు మీ లాప్‌టాప్‌లో ర్యామ్ ఎంతో చూడండి. 4 జీబీయే అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ పెట్టుకోండి, తేలిగ్గా ఉంటుంది. 8 ఉంటే గ్నోమ్ అయినా కేడీఈ అయినా మీ ఇష్టం. అన్నీ కొత్తగా సర్దుకుంటూ ఆడుకోవాలనుకునే పెద్దవాడికి కేడీఈ, పని తప్ప ఏదీ కంటికి అడ్డు రాకూడదనే చిన్నదానికి గ్నోమ్ అని నా అంచనా. ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూడండి, డిస్క్‌ని ముట్టుకోదు. రెండూ ఒకే లాప్‌టాప్‌లో కావాలంటే ఇద్దరికీ వేరువేరు యూజర్ అకౌంట్లు చేసుకోండి. ఒకే అకౌంట్‌లో రెండూ తిప్పుతుంటే సెట్టింగులు కలగాపులగం అవుతాయి.

ఈలోగా ఒక పని చేయండి. ఏదైనా ఓడీటీ ఫైల్‌కి ఒక కాపీ తీసి, దాని పేరు చివర ఓడీటీ తీసేసి జిప్ అని పెట్టి విప్పండి. మీరు రాసిన వాక్యాలన్నీ కంటెంట్ అనే ఫైల్‌లో గుర్తుల మధ్య కనిపిస్తాయి. పక్కనే థంబ్‌నెయిల్స్ అనే ఫోల్డర్ ఉంటే అందులోకి కూడా తొంగి చూసి, ఏ బొమ్మ ఉందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ