సైటేషన్ల అంకెను ఎలా చదవాలి?

చిరంజీవులకు ఆశీస్సులు.

కంప్యూటర్‌కు చూపు నేర్పే పరిశోధకుల గురించి అడిగితే చాలామంది "ఆయనకు ఇన్ని వేల సైటేషన్లు" అని ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. ఆ అంకె ఎక్కడిదో, అందులో ఏముందో మీకు తెలియాలని ఈ ఉత్తరం.

పరిశోధన పేపరు (వ్యాసం) రాసేవాళ్లు తాము ఎవరెవరి పనిని వాడుకున్నారో, ప్రస్తావించారో చివర జాబితా ఇస్తారు. అందులో మీ పేపరు ఉంటే మీకొక సైటేషన్. లోపల పదిసార్లు తలచుకున్నా లెక్కకు ఒకటే. మెచ్చుకున్నా ఒకటే, తప్పుపట్టినా ఒకటే.

ఈ రంగంలో పరిశోధకుడైన కైమింగ్ హే సంగతి చూడండి. ఆయన మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఏషియాలో ఉండగా, 2015 డిసెంబరులో మరో ముగ్గురితో కలిసి, బొమ్మలను గుర్తుపట్టే రెస్‌నెట్ అనే నెట్‌వర్కు గురించిన పేపరు బయటపెట్టారు. నెట్‌వర్కు అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే, పొరలు పొరలుగా పేర్చిన లెక్కల అమరిక. అప్పట్లో ఒక చిక్కు ఉండేది. పొరలు పెంచితే నెట్‌వర్కు బాగా నేర్చుకోవాలి కదా? కానీ 20 పొరల దానికన్నా 56 పొరలది ఎక్కువ తప్పులు చేసింది. అదీ కొత్త బొమ్మల మీదే కాదు, నేర్పిన బొమ్మల మీద కూడా! అంటే బట్టీపట్టి కొత్త ప్రశ్న దగ్గర తడబడటం కాదు, అసలు నేర్చుకోవడమే కుదరలేదు. వాళ్లు చేసిన ఉపాయం చిన్నది: రెండు మూడు పొరలకు ఒకసారి, లోపలికి వచ్చినదాన్ని పక్కదారిన అలాగే తీసుకెళ్లి, ఆ పొరల ఫలితానికి కూడారు. ఇక ఆ పొరలు ఎంత మార్చాలో నేర్చుకుంటే చాలు. దాంతో 152 పొరల దాకా వెళ్లగలిగారు, బొమ్మలను గుర్తుపట్టే 2015 ఇమేజ్‌నెట్ పోటీ గెలిచారు, 2016లో ఈ రంగపు పెద్ద సదస్సు సీవీపీఆర్‌లో ఉత్తమ పేపరు బహుమతి అందుకున్నారు. పేపర్లనూ వాటి సైటేషన్లనూ చూపించే గూగుల్ స్కాలర్‌లో ఆ ఒక్క పేపరు సైటేషన్లు 2 లక్షలు దాటాయి. ఆ కూడిక ఎవరి నెట్‌వర్కులోనైనా ఒక్క వరుస కోడ్‌తో ఇమిడిపోతుంది. ఈనాటి భాషా మోడళ్లలోనూ అది ఉంది. అంత పెద్ద అంకె రావడానికి కారణం అదే.

మన హైదరాబాదుకు సంబంధించినది ఇంకొకటి. ఆక్స్‌ఫర్డ్ వాళ్లూ, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోని సి.వి. జవహర్ గారూ కలిసి 2012లో కుక్కలు, పిల్లుల ఫొటోల సేకరణ ఒకటి, దాని గురించిన పేపరుతో పాటు విడుదల చేశారు. మొత్తం 37 జాతులు, ఒక్కోదానికి సుమారు 200 ఫొటోలు. దాని మీద బొమ్మలు గుర్తుపట్టే తమ పద్ధతిని పరీక్షించిన ప్రతివాళ్లూ ఆ పేపరును ఉదహరించాలి. ఇలాంటి సేకరణల పేపర్లకు సైటేషన్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. అది న్యాయమే, ఎంతో ఓపికతో చేసే పని అది.

ఇక పరిశోధకులను కొలిచే హెచ్-ఇండెక్స్ అనే అంకె. దాన్ని 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరి పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చండి. 120, 45, 18, 9, 6, 5, 2 అనుకోండి. వరుస సంఖ్యకు సమానంగా గానీ ఎక్కువగా గానీ సైటేషన్లు ఉన్నంతవరకు దిగండి. అయిదోదానికి 6 ఉన్నాయి, సరే. ఆరోదానికి 5 మాత్రమే, ఆగాలి. హెచ్-ఇండెక్స్ 5. ఇప్పుడు ఆ 120ని 1,200 చేసి చూడండి, జవాబు మారదు! ఒక్క మహత్తరమైన పేపరు రాసినవాళ్లకు ఈ కొలత అన్యాయం చేస్తుంది. వయసుతో పెరగడమే గానీ తగ్గదు కాబట్టి కుర్రవాళ్లనూ పెద్దవాళ్లనూ దీంతో పోల్చకూడదు.

జర్నల్ పేపర్లు తక్కువని ఈ రంగంలో ఎవరినీ చులకన చేయకండి. ఇక్కడ ముఖ్యమైన పని సదస్సుల్లోనే వస్తుంది: సీవీపీఆర్ ఏటా, ఐసీసీవీ బేసి సంవత్సరాల్లో, ఈసీసీవీ సరి సంవత్సరాల్లో. చాలాసార్లు మొదటి పేరు ఎక్కువ పని చేసిన విద్యార్థిది, చివరి పేరు గురువుది.

లెక్క తప్పేది ఎక్కువగా పేర్ల దగ్గర. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్లకు ఇది మరీ ఎక్కువ. ఒకే మనిషి ఒకచోట "కె. శ్రీనివాస్", మరోచోట "శ్రీనివాస్ కె." అయితే పేపర్లు రెండు ఖాతాల్లో చీలిపోతాయి. అదే పేరున్న వేరొకరి పేపర్లు వచ్చి కలిసిపోతాయి కూడా. అందుకే మొదటి పేపరు నుంచే పేరు ఒకేలా రాయాలి, పరిశోధకులకు ఇచ్చే ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. సదస్సుకు ముందే ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైటులో పెట్టిన ప్రతి, సదస్సు ప్రతి విడివిడిగా కనిపిస్తే స్కాలర్ ఖాతాలో ఆ రెంటినీ ఎంచుకుని కలిపేయాలి.

స్కాలర్‌లో ఎవరి పేజీ అయినా తెరిచినప్పుడు పైనున్న మొత్తంతో ఆగకండి. ఒక పేపరు పక్కనున్న సైటేషన్ల సంఖ్య నొక్కితే దాన్ని ఉదహరించినవాళ్ల జాబితా వస్తుంది. అందులోంచి అయిదారు తీసి, ఆ పేపరును ప్రస్తావించిన వాక్యం వెతికి చదవండి. "ఇలాంటి పనులు చాలా ఉన్నాయి" అని పది పేర్ల మధ్య ఇరికించారా, "మేము వీరి పద్ధతినే వాడాం" అన్నారా, లేక తమ పనిని ఆ పరిశోధకులే ఉదహరించుకున్నారా, చూసుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య