‘హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’: ఒక పల్లెపాట రాక్ హిట్ అయిన తీరుపై అపోహలు - వాస్తవాలు

అపోహ: 1964లో దీన్ని హిట్ చేసిన ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ యానిమల్స్ రాసుకున్న పాట ఇది.

వాస్తవం: మొదట ఎవరు కట్టారో తెలియని అమెరికన్ కథాగేయం ఇది. న్యూ ఆర్లియన్స్ నగరంలో ‘రైజింగ్ సన్’ అనే ఇంట్లో బతుకు చెడగొట్టుకున్న మనిషి గోడు. 1933లో టామ్ ఆష్లీ, గ్వెన్ ఫాస్టర్ దీన్ని రికార్డు చేశారు. మా తాత దగ్గర నేర్చుకున్నానని ఆష్లీ చెప్పాడు. 1937లో జానపద పాటల సేకర్త అలన్ లోమాక్స్ కెంటకీలోని మిడిల్స్‌బరోకు రికార్డింగ్ యంత్రం మోసుకెళ్లి, పదహారేళ్ల జార్జియా టర్నర్ చేత పాడించుకున్నాడు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ కుర్రాళ్లు యానిమల్స్ దగ్గరకు వచ్చేసరికి పాట ఎన్నో గొంతులు మారింది. న్యూ ఆర్లియన్స్‌లో ఫలానా ఇల్లే ఆ ఇల్లు అనేవాళ్లున్నారు, ఆ మాటకు రుజువు లేదు.

అపోహ: రేడియో కోసం ఆడపిల్ల కథను కుర్రాడి కథగా మార్చేశారు.

వాస్తవం: టర్నర్ పాడింది ఆడపిల్ల గోడే. కానీ ఆష్లీ 1933లోనే చెడిపోయిన కుర్రాళ్ల గురించి పాడాడు. రెండు పాఠాలూ పాతవే. ఇలాంటి పాటల్లో పాడేవాళ్లను బట్టి కథ చెప్పే మనిషి మారడం మామూలే.

అపోహ: అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ యానిమల్స్‌ను చూసి పాడాడు.

వాస్తవం: తిరగేసి చెప్పుకుంటున్నారు. డిలన్ 1961 నవంబరులో రికార్డు చేశాడు, ఆల్బం 1962లో వచ్చింది. ఆ అమరిక, అంటే పాత పాటకు కూర్చిన కార్డులూ వాయించే తీరూ, జానపద గాయకుడు డేవ్ వాన్ రాంక్‌ది. పాత బాణీ కింద మెట్లు దిగినట్టు జారే బేస్ స్వరాలు పెట్టింది ఆయనే. ఆయన రికార్డు చేసుకునే లోపే డిలన్ వాడేశాడు. దాంతో డిలన్‌ను కాపీ కొట్టాడన్న మాట పడలేక వాన్ రాంక్ ఆ పాట మానేశాడు. యానిమల్స్ హిట్ తర్వాత అదే మాట పడి డిలన్ కూడా మానేశాడు!

అపోహ: పల్లెపాటకు ఎలక్ట్రిక్ గిటార్ తగిలిస్తే రాక్ అయిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మారింది చప్పుడు కాదు, కట్టు. పదహారు బార్ల (తాళ ఆవర్తాల) చక్రం ఇది, ఒక్కో బారుకు వాయించే కార్డు (కలిసి పలికే స్వరాల గుంపు) వరసగా: ఎ మైనర్, సి, డి, ఎఫ్, ఎ మైనర్, సి, ఇ, ఇ, మళ్లీ ఎ మైనర్, సి, డి, ఎఫ్, ఎ మైనర్, ఇ, ఎ మైనర్, ఇ. నడక సిక్స్ ఎయిట్, అంటే బారుకు ఆరు దెబ్బలు, ఒక్క కార్డు. యానిమల్స్ గిటారిస్టు హిల్టన్ వాలెంటైన్ తీగలన్నీ ఒక్కసారి గీరకుండా, ప్లెక్ట్రమ్‌తో (మీటే బిళ్లతో) ఒక్కొక్క తీగే మీటుతూ పైకెక్కి కిందకు దిగాడు. ఆ ఆర్పెజియోయే పాటకు వెన్నెముక.

సాధనకు తేలిక రూపం: ముందు బేస్ తీగ, తర్వాత 3, 2, 1, 2, 3 తీగలు (అన్నిటికంటే సన్నది ఒకటో తీగ, లావుది ఆరోది). మొత్తం ఆరు దెబ్బలు. బేస్ కోసం ఎ మైనర్, సి కార్డులకు అయిదో తీగ, డి, ఎఫ్‌లకు నాలుగోది, ఇ కార్డుకు ఆరోది.

కొత్తవాళ్లు ఎ మైనర్ శ్రుతిలో డి మైనరే ఉండాలనుకుని అదే పట్టేస్తారు. పాట అక్కడే చప్పబడుతుంది. డి మేజర్‌లో మొదటి తీగ రెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) మీద ఎఫ్ షార్ప్ పలుకుతుంది. ఎఫ్ కార్డుకు వెళ్లగానే అదే తీగ మొదటి ఫ్రెట్‌కు, మళ్లీ ఎ మైనర్ రాగానే ఖాళీ తీగకు జారుతుంది. రెండు, ఒకటి, సున్నా. వాన్ రాంక్ బేస్‌లో దించిన మెట్లే ఇవి, కార్డుల లోపల దాక్కుని ఉన్నాయి. ఎఫ్ కార్డులో మొదటి తీగ సరిగా అదమకపోయినా ఆ జారుడు వినబడదు. నాలుగు దెబ్బల నడకలో డ్రమ్స్ వాయించినా పాట విరిగిపోతుంది.

మిగతా పని యానిమల్స్‌లోని అలన్ ప్రైస్ వాయించిన వాక్స్ కాంటినెంటల్ అనే ఎలక్ట్రిక్ ఆర్గన్‌ది, గాయకుడు ఎరిక్ బర్డన్ గొంతుది. ప్రతి చరణానికీ బాణీ ఒక్కటే. కాబట్టి కథ ముదిరేకొద్దీ పెరగాల్సింది గొంతూ వాద్యాల ఒత్తిడీ. మొదటి చరణంలోనే అరిచేస్తే చివరికి ఏమీ మిగలదు.

అపోహ: స్టూడియోలో రోజుల తరబడి చెక్కారు.

వాస్తవం: 1964 మే 18న లండన్‌లో, మికీ మోస్ట్ నిర్మాతగా, ఒక్క టేకులో అయిపోయింది. అప్పటికే అమెరికన్ రాక్ గాయకుడు చక్ బెర్రీతో కలిసి చేస్తున్న టూర్‌లో వేదిక మీద ఆ పాట అరిగిపోయేలా వాయించారు. చెక్కుడు జరిగింది అక్కడే.

అపోహ: పాట నిడివి తగ్గించబట్టే హిట్ అయింది.

వాస్తవం: సింగిల్ (ఒక్క పాట కోసం వేసే చిన్న రికార్డు) మూడు నిమిషాలు దాటకూడదనుకునే రోజుల్లో బ్రిటన్‌లో దాదాపు నాలుగున్నర నిమిషాల పాట అలాగే విడుదలై, జూలైలో మొదటి స్థానానికి చేరింది. అమెరికా సింగిల్‌కు మాత్రం కోసి మూడు నిమిషాల లోపుకు తెచ్చారు. అక్కడ సెప్టెంబరులో మొదటి స్థానం.

అపోహ: సంప్రదాయ గేయం కదా, ఎవరి హక్కులూ ఉండవు.

వాస్తవం: పాత బాణీ, పాత మాటలు అందరివీ. అమరిక హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. యానిమల్స్ ఆర్పెజియోనూ ఆర్గన్ సోలోనూ దించేసి ‘జానపదం’ అని రాసుకుంటే కుదరదు. పాత రికార్డింగులు నాలుగైదు విని, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న బాణీని తీసుకుని, దాని మీద సొంత కట్టు కట్టాలి.

యానిమల్స్ రికార్డు లేబుల్ మీద అమరిక కింద ఉన్నది అలన్ ప్రైస్ పేరొక్కటే. అయిదు పేర్లకు చోటు చాలలేదని మిగతావాళ్లకు చెప్పారట. అమరిక రాయల్టీ ఆ పేరుకే వెళ్లింది, ఆర్పెజియో వాయించిన వాలెంటైన్‌కు కాదు. బ్యాండుగా జానపదం ఎత్తుకునేవాళ్లు అమరికలో ఎవరి వాటా ఎంతో రికార్డింగ్‌కు ముందే కాగితం మీద పెట్టుకోవాలి.