బ్యాటరీ మార్చాక కారు ఏం మర్చిపోతుంది?

కొత్త బ్యాటరీ వేశాక కారు ఠక్కున స్టార్ట్ అవుతుంది. కానీ కాసేపు ఆగి ఉంటే ఇంజిన్ ఊగుతుంది, ఆర్‌పీఎం పడుతూ లేస్తూ ఉంటుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. బ్యాటరీలోనే తేడా ఉందేమోనని టెన్షన్ పడతాం. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు.

ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌ను ఈసీయూ అంటారు. అసలు ప్రోగ్రామ్, తాళంచెవి గుర్తింపు లాంటివి కరెంటు లేకపోయినా చెరగని మెమరీలో ఉంటాయి. నడుస్తూ నేర్చుకున్న సర్దుబాట్లు మాత్రం చాలా కార్లలో బ్యాటరీ తీయగానే పోతాయి.

ఏమిటా సర్దుబాట్లు? పెట్రోల్ సరిగ్గా మండాలంటే, బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కు దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్‌ను చూసి ఈసీయూ పెట్రోల్ పెంచుతూ తగ్గిస్తూ, తేడా ఎప్పుడూ ఒకే వైపు వస్తుంటే దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. ఇంజిన్ ఊగడానికి ఎక్కువగా కారణమయ్యేది మాత్రం గాలిని లోపలికి వదిలే థ్రాటిల్. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు దాని రేకు సన్నటి సందు మేరకే తెరుచుకుంటుంది. ఆ సందు అంచుల్లో మసి పేరుకున్న కొద్దీ ఈసీయూ రేకును ఇంకొంచెం తెరుస్తూ వస్తుంది. బ్యాటరీ తీశాక ఆ లెక్క పోతుంది. మసి లేని కొత్త థ్రాటిల్ అనుకుని రేకును కొత్తలో తెరిచినంతే తెరుస్తుంది, గాలి చాలదు. అందుకే పాత కార్లకే ఈ బాధ ఎక్కువ.

మందు పెద్దదేమీ కాదు. ఏసీ, లైట్లు ఆపి ఇంజిన్‌ను వేడెక్కేదాకా ఖాళీగా తిరగనివ్వాలి, తర్వాత ఏసీ వేసి కాసేపు, ఆపైన మామూలుగా నడపాలి. కొన్ని మోడళ్లకు ప్రత్యేక పద్ధతి ఉంటుంది, మాన్యువల్ చూడటం మంచిది. పవర్ విండో ఒక్క నొక్కుతో పైకి రాకపోతే, అద్దం పూర్తిగా మూసి స్విచ్‌ను కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలా కార్లలో సరిపోతుంది. పై అంచు ఎక్కడుందో మోటారుకు మళ్లీ తెలుస్తుంది. స్టీరింగ్ హెచ్చరిక దీపం వెలిగితే, కొన్ని కార్లలో చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే ఆరిపోతుంది.

చెక్ ఇంజిన్ లైట్ ఆర్పడానికి కావాలనే బ్యాటరీ వైరు పీకేవాళ్లూ ఉన్నారు. దానివల్ల చెరిగేది లోపం రికార్డే, లోపం కాదు. నాలుగు రోజులు నడిపితే లైటు మళ్లీ వస్తుంది.

ఆగినప్పుడల్లా ఇంజిన్ ఆపుకునే స్టార్ట్-స్టాప్ కార్లలో చిక్కు దీనికి తలకిందులు. అక్కడ నెగటివ్ టెర్మినల్ దగ్గరి సెన్సర్ బ్యాటరీ ఎంత అరిగిందో గమనిస్తుంది. బ్యాటరీ మార్చినా కొన్ని కార్లు పాతదాని లెక్కనే పట్టుకుని, కొత్తదానికీ అలాగే చార్జింగ్ ఇస్తాయి. ఎంత నడిపినా ఇది దానంతటది సర్దుకోకపోవచ్చు. అలాంటి కార్లలో కొత్త బ్యాటరీ వేశామని, కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ పెట్టి అందులో నమోదు చేయించాల్సిందే.