నాఫ్తా నుంచి సహజవాయువుకు: యూరియా కర్మాగారాల మార్పు వెనుక కథ

యూరియాకు మూలమైన అమ్మోనియా తయారీలో నత్రజని గాలి నుంచి దొరుకుతుంది. చిక్కంతా హైడ్రోజన్ దగ్గరే. దాన్ని దేని నుంచి తీస్తామన్నదే కర్మాగారం ఖర్చునూ కాలుష్యాన్నీ చాలావరకు నిర్ణయిస్తుంది. సహజవాయువులో ప్రధానంగా ఉండే మీథేన్‌లో ఒక్కో కార్బన్ పరమాణువుకు నాలుగు హైడ్రోజన్ పరమాణువులుంటాయి. ముడిచమురు శుద్ధిలో వచ్చే తేలికపాటి నూనె నాఫ్తాలో సుమారు రెండు, బొగ్గులో ఒకటి కూడా ఉండదు.

మన దేశం నాఫ్తాను ఎంచుకున్నది గ్యాసే మేలన్న ఈ సంగతి తెలియక కాదు. 1960, 70 దశకాల్లో రిఫైనరీల నాఫ్తా అందుబాటులో ఉండేది, గ్యాస్ తెచ్చే పైప్‌లైన్లు లేవు. తర్వాత చమురు ధరలు పెరిగినా, 1977 నాటి రిటెన్షన్ ధరల పథకం ఒక్కో కర్మాగారానికి దాని ఖర్చును బట్టి సబ్సిడీ లెక్కగట్టడంతో, మారి తీరాలన్న ఒత్తిడి యాజమాన్యాలపై పడలేదు. బొగ్గును నమ్ముకున్న రామగుండం, తాల్చేరు కర్మాగారాలు నిలదొక్కుకోలేక 1999లో మూతపడ్డాయి.

2006 అక్టోబరులో అమల్లోకి వచ్చిన యూరియా మూడో దశ ధరల విధానం, నాఫ్తాతోనూ, ఫ్యూయల్ ఆయిల్ అనే చిక్కటి ఇంధన నూనెతోనూ నడిచే కర్మాగారాలు మూడేళ్లలో గ్యాస్‌కు మారాలంది. అయితే గ్యాసే చేరని చోట ఆ గడువుకు అర్థం లేదు. పానిపట్, బఠిండా, నంగల్ 2013లో మారగా, దక్షిణాదిన మణలి 2019 వరకు, మంగళూరు 2020 వరకు, తూత్తుకుడి 2021 వరకు ఆగాల్సి వచ్చింది. ఆలస్యానికి ప్రధాన కారణం కర్మాగారాల అలసత్వం కాదు, గ్యాస్ సరఫరా లేకపోవడమే. రామగుండం కూడా గ్యాస్ అందాకే, 2021లో, కొత్త కర్మాగారంగా మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టింది.

మార్పు అన్నిచోట్లా ఒకే తీరుగా జరగలేదు. నాఫ్తా కర్మాగారంలో నికెల్ ఉత్ప్రేరకం నింపిన గొట్టాల్లో ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ తీసే రిఫార్మర్ ముందే ఉంటుంది కాబట్టి పని కొంత తేలిక. ఫ్యూయల్ ఆయిల్ కర్మాగారంలో నూనెను స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో సుమారు 1300 డిగ్రీల వద్ద సగం సగంగా మండించి, వచ్చిన మసిని కడిగి, గంధకాన్ని తొలగించాలి. మార్పిడిలో ఆ ముందు భాగమంతా పక్కనపెట్టి కొత్త రిఫార్మర్ కట్టి, అమ్మోనియా సంశ్లేషణ విభాగాన్ని మాత్రం నిలుపుకున్నారు.

గ్యాస్‌తో ఒక ఇబ్బంది కూడా వచ్చింది. యూరియాకు అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కావాలి. నాఫ్తాతో అది మిగిలిపోయేది, గ్యాస్‌తో చాలక అమ్మోనియా మిగులుతోంది. అందుకే ఆంవలా, ఫూల్‌పూర్, కాకినాడల్లో రిఫార్మర్ పొగలో కలిసి పోయే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి యూరియాకు మళ్లించే యూనిట్లు వెలిశాయి.