బీటెక్ చదువు, పరిశ్రమ అవసరాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సిలబస్ పాతబడింది కాబట్టే పిల్లలకు ఉద్యోగాలు రావడం లేదు.

వాస్తవం: అటానమస్ కాలేజీలో, అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా నిర్ణయించుకునే కాలేజీలో, సిలబస్ మార్చడం పెద్ద పనేం కాదు. మా కాలేజీలో సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ ప్రతినిధి కూడా కూర్చుంటారు. సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ 2018లో మోడల్ కరికులం ఇచ్చి డిగ్రీకి కావలసిన మొత్తం క్రెడిట్లను (సబ్జెక్టుల బరువును కొలిచే యూనిట్లను) 160కి తగ్గించింది. థియరీ తగ్గించి ల్యాబులకు, ప్రాజెక్టులకు, ఇంటర్న్‌షిప్‌లకు చోటివ్వమంది. కాగితం మీద అంతా మారింది. మారనిది ప్రశ్నపత్రం. "నిర్వచించుము, పటం గీసి వివరించుము" అని అడిగినంత కాలం పరీక్ష ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ చదివినవాడే గట్టెక్కుతాడు. ల్యాబ్‌లో సీనియర్ రికార్డు రీడింగులతో సహా దించేసినా మార్కులు పడతాయి (సీనియర్ చేసిన తప్పులు కూడా దిగుతాయి, అదే దిద్దే మాకు ఆనవాలు). అలా కాకుండా, పనిచేయని సర్క్యూట్ ఒకటి చేతికిచ్చి లోపం కనిపెట్టమనాలి. కంపెనీలు చూసేదీ అదే. కాకపోతే అలాంటి పరీక్ష పెట్టి దిద్దడానికి అధ్యాపకుడికి తీరిక ఉండాలి. ఆ లెక్క మాత్రం ఏ సమావేశంలోనూ తేలదు.

అపోహ: ఏఐ, డేటా సైన్స్ పేరున్న బ్రాంచి అయితేనే భవిష్యత్తు.

వాస్తవం: మొదటి రెండేళ్లు సీఎస్‌ఈకీ వాటికీ సబ్జెక్టులు చాలావరకు ఒకటే. మెకానికల్, సివిల్‌లో ఉంటూనే 18-20 అదనపు క్రెడిట్లతో వాటిలో మైనర్ డిగ్రీ (సొంత బ్రాంచితో పాటు మరో రంగంలో అదనపు గుర్తింపు) చేసే వీలుంది. సీటు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి ఎత్తేవాళ్లు తక్కువ.

అపోహ: కాలేజీకి ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉంది, ఇక చాలు.

వాస్తవం: ఎన్‌బీఏ గుర్తింపు కోర్సుకు, కాలేజీకి కాదు. కాలేజీ మొత్తాన్ని చూసేది న్యాక్ అనే మరో సంస్థ. ఈసీఈకి ఉండి పక్క బ్రాంచికి లేకపోవచ్చు, ఉన్నదానికీ గడువుంటుంది. 2014లో మన దేశం, ఇంజినీరింగ్ కోర్సుల గుర్తింపును దేశాలు పరస్పరం అంగీకరించే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందిన మాట నిజమే. కానీ ఆ అంతర్జాతీయ గుర్తింపు ఎన్‌బీఏ టైర్-1 కింద (విశ్వవిద్యాలయాలు, అటానమస్ సంస్థల విభాగం) గుర్తించిన కోర్సులకే వర్తిస్తుంది. కాబట్టి బ్రోషర్ చూసి ఆగకుండా ఏ బ్రాంచికి, ఏ టైర్‌లో, ఎప్పటివరకు అని అడగండి.

అపోహ: ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఉంటే అనుభవం ఉన్నట్టే.

వాస్తవం: డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. డిగ్రీ అయ్యాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, కేంద్రం నడిపే అప్రెంటిస్ శిక్షణ పోర్టల్ నాట్స్ ద్వారా ఏడాది వరకు శిక్షణ పొందొచ్చు. నిర్ణీత కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. స్టైపెండ్ తక్కువని చాలామంది అటు చూడరు గానీ, మెకానికల్, సివిల్ లాంటి కోర్ బ్రాంచి వాళ్లు ఫ్యాక్టరీలో అడుగుపెట్టడానికి నాకు తెలిసి ఇంతకన్నా సులువైన దారి లేదు.