గుండు మీద గుండు ఎవరు పెట్టారు?

హైదరాబాద్ గుట్టలు చూసిన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఈమధ్య కేబీఆర్ పార్కులో ఓ చుట్టు నడిచొచ్చిన పాఠకురాలు ఒకరు కూడా ఇదే అడిగారు: అంత పెద్ద గుండును ఇంకో గుండు మీద ఎవరు నిలబెట్టారు?

భీముడు ఆడుకుంటూ పేర్చాడన్నది కథగా బాగుంటుంది. ఎప్పుడో ఒక నది దొర్లించుకొచ్చిందన్న మాట సైన్సులా వినిపిస్తుంది కాబట్టి చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. కానీ మూడు మీటర్ల అడ్డకొలత ఉన్న గ్రానైట్ గుండు 37 టన్నులకు పైనే తూగుతుంది. దాన్ని కదిలించే వరద వచ్చిందనుకున్నా, ఎత్తి మరో గుండు మీద కూర్చోబెట్టదు కదా.

ఎవరూ పెట్టలేదు. ఆ గుండ్లు పుట్టినచోటే ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న రాయి పోయింది.

ఈ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోపల కిలోమీటర్ల లోతున శిలాద్రవం చల్లారితే తయారైంది. పైనున్న బరువంతా కోతకు గురై తొలగేకొద్దీ బండ కాస్త ఉబ్బి పగిలింది. అడ్డంగా ఒక వరుస, నిలువుగా రెండు వరుసల పగుళ్లు పడితే బండ మొత్తం పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోతుంది. ఇదంతా నేల లోపలే. ఆ పగుళ్లలోకి వాన నీరు దిగుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇక్కడ మొదలవుతుంది. పలకలుగా ఉన్న దిమ్మె గుండ్రంగా ఎలా మారింది? పటికబెల్లం ముక్కను నోట్లో పెట్టుకుంటే కోసుగా ఉన్న మూలలు ముందు కరిగిపోతాయి, చివరికి నున్నటి ఉండ మిగులుతుంది. రాయి విషయంలోనూ అంతే, కాకపోతే లెక్క వేసి చూస్తే ఇంకా అందంగా ఉంటుంది. రెండు మీటర్ల ఘనాన్ని పది సెంటీమీటర్ల చిన్న ఘనాలుగా ఊహించుకోండి. మొత్తం 8,000. వీటిలో మూలల్లో ఉన్నవి 8, వాటికి నీరు మూడు వైపుల నుంచి తగులుతుంది. అంచుల్లో 216, వాటికి రెండు వైపుల నుంచి. ముఖాల మీద 1,944, వాటికి ఒక్క వైపే. మిగతా 5,832 ముక్కలను నీరు ఇంకా తాకనే లేదు. కాబట్టి మూల ముందు పోతుంది. అది పోగానే దాని పక్కనున్న మూడు అంచు ముక్కలకూ మూడో వైపు తెరుచుకుంటుంది, ఇప్పుడు అవే మూలలు. అవీ పోతాయి. ఇలా సాగి సాగి అన్ని వైపులా దాడి సమానమయ్యే ఆకారం వస్తుంది. అదే గోళం. అక్కడి నుంచి అది చిన్నదవుతుందే తప్ప ఆకారం పెద్దగా మారదు.

నీరు చేసే పని ఏమిటి? గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్ కరిగి వాన నీరు కార్బానిక్ ఆమ్లమనే బలహీనమైన ఆమ్లమవుతుంది. పొటాషియం ఫెల్డ్‌స్పార్ అనే గ్రానైట్ ఖనిజం రెండు పాళ్లు, కార్బానిక్ ఆమ్లం రెండు పాళ్లు, నీరు తొమ్మిది పాళ్లు (తూకంలో కాదు, అణువుల లెక్కలో) కలిస్తే కేయొలినైట్ అనే బంకమట్టి ఖనిజం ఒక పాలు, సిలిసిక్ ఆమ్లం నాలుగు పాళ్లు వస్తాయి; పొటాషియం, బైకార్బొనేట్ అయాన్లు రెండేసి నీటితో కొట్టుకుపోతాయి. నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పు పడుతుంది, అభ్రకం ఉబ్బి చుట్టూ ఉన్న రేణువులను విడదీస్తుంది. పలుగురాయి రేణువులు మాత్రం చెక్కుచెదరవు. అన్నీ కలిసి మిగిలేదే మనకు బాగా తెలిసిన మొరం. బడిలో దీన్ని 'శైథిల్యం' అని నిర్వచనం రాయించి రెండు మార్కులు వేస్తారు. ఆ పిల్లలను ఊరి బయట బావి తవ్వుతున్న చోటికి ఒక్కసారి తీసుకెళ్తే చాలు, మొరం మధ్యలో గుండ్రటి రాళ్లు ఇరుక్కుని కళ్లెదుటే కనిపిస్తాయి. ఇంకా బయటపడని గుండ్లు అవి.

లక్షల ఏళ్ల వానలకు మొరం కొట్టుకుపోయింది. పై దిమ్మె మెల్లగా కింది దిమ్మె మీదికి సర్దుకుంది. మనం చూసే పేర్పు అదే.

1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన కేబీఆర్‌లో గానీ, ఖాజాగూడ గుట్టల్లో గానీ నడిచేటప్పుడు దీన్ని మీరే పరీక్షించవచ్చు. రెండు గుండ్ల మధ్య సందు చూడండి. అదే సందు పక్క జతలోనూ అదే మట్టంలో సాగుతుంటే అది పాత పగులు. తెల్లటి పలుగురాయి చార పై గుండులో ఎక్కడ ఆగిందో, కింది గుండులో దాదాపు అక్కడే మొదలైతే ఆ రెండూ ఒకప్పుడు ఒకే బండ. ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు. అందుకే గుండ్లను పేల్చి చదును చేసి ప్లాట్లు వేయడం చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. వీటిని కాపాడాలని 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు గుట్టల్లో నడకలు పెడుతుంటారు, వీలైతే వెళ్లండి.

మరి అంతటా గుండ్లే ఎందుకు లేవు? పగుళ్ల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. రెండు మీటర్ల ఘనానికి నీరు తగిలే వైశాల్యం 24 చదరపు మీటర్లు. అదే ఘనం మీటరు ముక్కలుగా పగిలితే 48. రాయి అంతే, దాడి రెట్టింపు. పగుళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట గుండు మిగలదు, అంతా మొరమై పల్లమవుతుంది. దూరందూరంగా ఉంటే గుండ్ల గుట్ట. పగుళ్లు దాదాపు లేకపోతే భువనగిరి కోట కింద ఉన్నట్టు ఒకే ఏకశిల, నున్నగా.

గుట్ట మీద చెట్లు వరుసగా నిలబడి కనిపిస్తే అక్కడ పగులు ఉందనుకోవచ్చు, మట్టీ తేమా దొరికేది అందులోనే. తెలంగాణలో బోరు వేసేవాళ్లు వెతికేదీ ఈ పగుళ్లనే. గ్రానైట్ తనలో నీరు పట్టుకోదు, పైన మొరంలో కొంత ఉంటుంది, కింద పగుళ్లలో కొంత. పగులు తగలని బోరు ఎంత లోతు దిగినా దుమ్ము లేపుతుంది, పక్క చేనులో పగులు తగిలినది నీళ్లు పోస్తుంది.